వెనక్కి ఎక్కే కారు

మొన్న జనగామలో మా ఆడబిడ్డ మనవరాలి పెండ్లికి పోయాను. భూపాలపల్లి నుంచి బస్సులో కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. ఫంక్షన్ హాలు ముందర దిగేసరికి అక్కడ ఒక పాత కారు మెరుస్తూ నిలబడి ఉంది. పిల్ల, పిల్లగాడు దాని పక్కన ఫోటోలు దిగడానికి కిరాయికి తెచ్చారట. గుండ్రటి దీపాలు, సైకిల్ చక్రాల్లా పుల్లలున్న చక్రాలు, ముందర తిప్పే ఇనుప హ్యాండిల్.

ఫోటోలు తీసే పిల్లగాడు కారు వెనక మూత కొంచెం ఎత్తి లోపల పూల బుట్టలు కుక్కుతున్నాడు.

"బాబూ, గది సామాన్ల డబ్బా కాదు, సీటు" అన్నాను.

"డిక్కీ అవ్వా అది."

"డిక్కీనే. మనుషులు కూసునే డిక్కీ. ఆ మూత ఇంకా ఎనుకకు గుంజు, ఈపు ఒరుగుకునే పలక అయితది."

గుంజాడు. కిర్రుమంటూ మూత వెనక్కి వాలింది. లోపల తోలు సీటు బయటపడింది. నలుగురు చుట్టూ మూగారు. "అవ్వకు గిదెట్ల ఎరుకనే" అని పెండ్లిపిల్ల నవ్వింది. "మా యాడిని, మా అమ్మను, గిసుంటి సీట్లనే దవాఖానకు కొంచవోయినం" అన్నాను. అంతలో భోజనాల పిలుపు వచ్చింది. వినేవాళ్ళు అటు పోయారు.

వాళ్ళను తప్పు పట్టను. ఆకలైతే ఎవరైనా పోతారు. కానీ మొదలు పెట్టిన మాట కడుపులో ఉండిపోయింది, అందుకని రాస్తున్నాను. నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాక. కోడలు పిల్లలకు చెప్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. సోకు మాటలు నాకు రావు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మా తండా కురవికీ దంతాలపల్లికీ నడుమ, గిన్నెలాంటి గుంటలో ఉండేది. బయటికి పోవాలంటే దగ్గరి దారి ఒక్కటే, తండా దాటగానే మొదలయ్యే ఎక్కుడు. ఒక పక్క బండలు, ఇంకో పక్క లోతైన ఒర్రె, ఇసుక వాగు. ఆ ఎక్కుడు ఎక్కితే కురవి బాట, కురవి మీద నుంచి మానుకోట. మహబూబాబాదును మేము మానుకోట అనే అంటాము. ఎక్కుడు వద్దనుకుంటే ఒర్రె వెంట చుట్టుదారి ఉంది. ఆ దారిన దంతాలపల్లి దాకా పోయి మళ్ళీ మానుకోట దిక్కు తిరిగి రావాలి.

మేము ఇంట్లో మా లంబాడీ మాటే మాట్లాడేవాళ్ళం. అమ్మను యాడి అంటాము, నాయిన తల్లిని దాది అంటాము. వాళ్ళ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, ఎట్లా వస్తే అట్లా.

అది కురవి జాతర అయిపోయి ఇప్పపువ్వు రాలే కాలం. బండల మీద పువ్వు ఆరబోస్తే తండా అంతా తియ్యటి, బంకబంక వాసన. ఎండిన పువ్వును వేయించి, నువ్వులు వేసి రోట్లో దంచి దాది లడ్డూలు చేసేది. ఆరుతున్న పువ్వును మేము దొంగతనంగా బుక్కేవాళ్ళం. ఎక్కువ బుక్కితే నోరు మొద్దుబారి మాట తడబడేది. దాది అప్పుడు నాలుక చాపమని అడిగి, దాన్ని చూసి కొట్టేది.

ఆ కాలంలోనే సాయిబు కారు ఎక్కువగా వచ్చేది. సాయిబు మానుకోటలో మెకానిక్. ఏ దొరదో పాత కారు కొట్టంలో పడి ఉండి అందులో కోళ్ళు గుడ్లు పెడుతుంటే, అడిగి తీసుకుని, విప్పి, కడిగి, మళ్ళీ బిగించి బతికించాడు. పెండ్లిళ్ళకు, జాతరలకు జనాన్ని తిప్పేవాడు. ఒకసారి ఆ కారు ఒర్రె ఇసుకలో దిగబడితే మా నాయిన ఎద్దులు కట్టి గుంజాడు. అప్పటి నుంచి ఇద్దరికీ దోస్తీ. నాయిన ఆయనను భాయ్ అనేవాడు, ఆయన నాయినను నాయక్ అనేవాడు.

ఆ కారు ఇప్పటి కార్ల లెక్క కాదు. దాన్ని తయారు చేసినవాడు అన్నీ తన బుద్ధికి తోచినట్టు చేశాడు. గ్యాసు తొక్కేది కాలి కింద లేదు, స్టీరింగు పక్కన మీసంలాగా ఒక పుల్ల ఉండేది. దాన్ని వేలితో కిందికి అంటే కారు ఉరికేది. కాళ్ళ కింద మూడు పెడల్లు, అందులో ఒకటి వెనక్కి పోవడానికే. ముందు సీట్లో ఇద్దరు పట్టేవాళ్ళు. ఇంకా ఎవరన్నా ఉంటే వెనక మూత తెరిచి, ఎండలో వానలో అందులో కూర్చోవాలి.

అన్నిటికంటే వింత పెట్రోలుది. పెట్రోలు డబ్బా ముందు సీటు కిందనే ఉండేది. సీటు ఎత్తి పోసేవాడు. డబ్బాలో ఎంత ఉందో చూడటానికి చింత బరిగె ముంచి తడి చూసేవాడు. ఇంజనుకు పెట్రోలు అందించే పంపు లేదు. తూము నుంచి పొలానికి నీళ్ళు పారినట్టు దానంతట అదే పారాలి. చదును మీద బాగానే పారేది. ఎక్కుడు మీద ముందు భాగం పైకి లేస్తుంది కదా, ఇంజను మీద, డబ్బా కింద. కింది నీళ్ళు మీది మడికి పారవు. కారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది.

దానికి సాయిబు చేసే ఉపాయం ఏమిటంటే, కారును తిప్పి వెనక్కి ఎక్కించడం. అప్పుడు డబ్బా మీద, ఇంజను కింద. ముడ్డి ముందు పెట్టుకుని ఎక్కుడు ఎక్కుతుంటే మేము పిల్లలం వెంట ఉరికేవాళ్ళం. పేడ ఉండను వెనక కాళ్ళతో నెట్టుకుంటూ వెనక్కి నడిచే పురుగు ఉంటుంది కదా, ఆ పేరే పెట్టాము కారుకు. పెండపురుగు. "పెండపురుగు వచ్చింది" అని కేక వేస్తే తండాలో ఉన్న పిల్లలందరూ బయటికి వచ్చేవాళ్ళు.

"పెండపురుగు అంటర్రా, దీన్ని జూసిర్రా" అని సాయిబు ఎడమ తలుపు చూపించేవాడు. ఆ తలుపు కింది సగం తుప్పు పట్టి పోతే, తుక్కులో దొరికిన విమానం రేకు కోసి అతికించాడు. "గిది ఇమానం రెక్క. గాలిల ఎగిరిన తునక. ఉత్తగ ముట్టనియ్య." ఒక ఇప్పపువ్వు లడ్డూ ఇస్తే ముట్టనిచ్చేవాడు. రేకు చల్లగా ఉండేది. అంతే. కానీ ముట్టినవాడు రోజంతా ఎగిరివచ్చినట్టు నడిచేవాడు.

చిన్నప్పుడు ఎక్కడో విమానాల మైదానంలో వాటిని కడిగే పని చేశానని చెప్పేవాడు. పక్షి లెక్క రెక్కలు మడుచుకునే విమానాలు, కాళ్ళు కడుపులోకి ముడుచుకునేవి, పంకా ముందర కాకుండా వెనక ఉండి నెట్టేది ఒకటి.

"ఎనుక పంకా ఉంటె ముంగటికెట్ల పోతదిరా సాయిబూ" అని దాది లేచేది. "నీ బండి లెక్కనే నువ్వు గూడ ఉల్టా మాట్లాడ్తవు."

"పడవను ఎనుక నుంచి తెడ్డేస్తె ముంగటికి పోదా అవ్వా?"

"నేను పడవ ఎప్పుడెక్కినరా."

నేను ఒకసారి ఆయన రబ్బరు హారన్ మూతిలో ఇప్పపువ్వు కుక్కాను. మరుసటి మలుపులో ఆయన పిసికితే చప్పుడు రాలేదు, పూలు ఎగిరి ముందర పోతున్న ముసలాయన నెత్తిన పడ్డాయట. మళ్ళీ వచ్చినప్పుడు నన్ను పట్టుకుని చెవి మెలేసి, "సంగతేంది, హారన్‌కు షాదీ జేసినవా?" అన్నాడు. ఆ చెవి నొప్పి కూడా తీపిగానే ఉంది ఇప్పుడు తలుచుకుంటే.

ఆ ఏడు యాడి నిండు నెలలతో ఉంది. నేను అప్పటికి మేకల వెంట పోయేంత పిల్లను. నొప్పులు ఒక సాయంత్రం మొదలయ్యాయి. తెల్లవారినా బిడ్డ రాలేదు. మంత్రసాని గుడిసె బయటికి వచ్చి, బూడిదతో చేతులు తోముకుంటూ నాయినతో అంది, "బిడ్డ అడ్డం తిరిగింది. ఇగ నా చేతుల లేదు. మానుకోట దవాఖానకు కొంచవోతె ఇద్దరు బతుకుతరు. ఆలిశమైతె ఇద్దరు పోతరు."

నాయిన ఎద్దుల దిక్కు చూశాడు. ఎద్దుల బండి మీద మానుకోట అంటే పొద్దు గూకుతుంది. అంతసేపు యాడి ఉండదని ఆయన మొఖమే చెప్పింది.

సాయిబు ఆ పొద్దున మేకపోతు కోసం తండాకు దిగి ఉన్నాడు. విషయం వినగానే సీటు ఎత్తి బరిగె ముంచాడు. బరిగె కొస మాత్రమే తడిసింది. "చుట్టుదారికి పెట్రోల్ చాలదు నాయక్. ఎక్కుడు మీదికెల్లే పోవాలె. మీద పడితె మానుకోట దాక ఢోకా లేదు" అని, కారును తిప్పి వెనక భాగం ఎక్కుడు దిక్కు పెట్టాడు.

అది చూసి దాది గుడిసె వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"ఎనుకకు పొయ్యే బండిల నా కోడల్ని ఎక్కియ్య."

ఇది పట్టుదల కాదు. మా ఇంటి ఆచారం అది. కాన్పుకు బయలుదేరిన మనిషి వెనక్కి అడుగు వేయకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. ఏదన్నా మరిచిపోతే అది మరిచిపోయినట్టే. అడుగు వెనక్కి పడితే బిడ్డ కూడా వెనక్కి మళ్ళుతుందని నమ్మేవాళ్ళు. దాదికి ఒక్కతే కూతురు ఉండేది, నాయినకు చెల్లె. ఆమె కాన్పుకు పుట్టింటికి బయలుదేరి, కాలి కడియం మరిచానని గుమ్మం దాకా మళ్ళీ పోయి తెచ్చుకుందట. ఆ కాన్పులోనే పోయింది. ఆ కడియాన్ని దాది తన నడుముకు కట్టుకుని తిరిగేది. అది తెలిసినవాళ్ళు ఎవరూ దాదికి ఎదురు చెప్పలేకపోయారు.

సాయిబు మాత్రం చెప్పాడు. "అవ్వా, కారే గద ఎనుకకు పొయ్యేది. పొయ్యేదైతె దవాఖానకే గద."

"నువ్వు జెప్పకు. నీకు పోయిందా బిడ్డ?"

నాయిన మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు, అటు తల్లి, ఇటు పెండ్లాం. గుడిసెలోంచి యాడి మూలుగు వచ్చింది. అది అప్పటిదాకా వచ్చిన మూలుగు లెక్క లేదు. గొంతు లోపల్నుంచి మేక అరిచినట్టు వచ్చింది.

దాది వాకిలి వదిలింది. కారు చుట్టూ ఒకసారి నడిచింది. వెనక మూత మీద చేత్తో కొట్టింది.

"గిది తెరువు."

సాయిబు తెరిచాడు. మూత వెనక్కి వాలి నిటారుగా నిలిచింది. దాది ఆ మూత అంచు పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు. మా తండాలో ఆడవాళ్ళు పడుకుని కనేవాళ్ళు కాదు. మోకాళ్ళ మీద కూర్చుని, వాసానికి కట్టిన తాడు పట్టుకుని కనేవాళ్ళు. ఆ మూత అంచు అంత ఎత్తులోనే ఉంది.

"నా కోడలు గిండ్ల మోకాళ్ళ మీద కూసుంటది. గిది పట్టుకుంటది. మొఖం మానుకోట దిక్కు ఉంటది. నేను పక్కపొంటి కూసుంట, నా మొఖం గూడ గటే. నా కొడుకు మొఖం, మనవరాలి మొఖం, అందరి మొఖాలు గటే ఉండాలె."

"మరి నాది అవ్వా? నేను గిటు తిరిగి నడుపుడు ఎట్ల?"

"నీది ఎటున్నా నాకు పనిలే. నిన్ను నీ దేవుడు జూసుకుంటడు."

"గట్లనే అవ్వా. నేనొక్కన్నే మీ తండా దిక్కు జూసుకుంట పోత."

యాడిని ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని ఎక్కించారు. ఆమె మోచేతుల దాకా తెల్లటి కొమ్ము గాజులు. ఆ చేతులతో మూత అంచు పట్టుకుంది. దాది పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసింది. సాయిబుకు వెనక ఏమీ కనబడదు కాబట్టి నాయిన వాళ్ళ వెనకనే, కారు నడుమ మడిచి పెట్టిన పైకప్పు గుడ్డ గూడు మీద ఎత్తుగా కూర్చున్నాడు, దారి చూసి చెప్పడానికి. ముందు సీట్లో నన్ను వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. నా ఒళ్ళో ఒక రాయి. ఇంజను ఆగితే దుంకి చక్రానికి అడ్డం పెట్టాలి, ఎందుకంటే ఆ కారు బ్రేకు ఉన్నా లేనట్టే. నా మోకాళ్ళ కింద పెట్రోలు డబ్బా. ఆ వాసన, యాడి ఒంటి నుంచి చెమట వాసన, వాము వాసన కలిసి నా ముక్కుకు తగిలాయి.

కారు వెనక్కి కదిలింది.

సాయిబు ఒక్కడే తండాను చూస్తున్నాడు. మేమందరం పైకి చూస్తున్నాం. నాకు కనబడింది యాడి వీపు, జడ, చేతులు. మొఖం కనబడదు. అందుకని నేను వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. వేళ్ళు మూత అంచును ఎంత గట్టిగా పట్టుకున్నాయో చూస్తే ఆమె సంగతి తెలుస్తుంది. నొప్పి వచ్చినప్పుడు గోళ్ళు తెల్లగా అయ్యేవి.

ఎక్కుడు నడుమ మలుపు ఉంది. అక్కడ దారి సన్నం.

"కుడికి భాయ్, జర కుడికి" అన్నాడు నాయిన.

సాయిబు తిప్పాడు. కారు ఒర్రె దిక్కు పోయింది.

"కుడికి, కుడికి."

ఇంకా తిప్పాడు. వెనక చక్రం కింద మట్టి విరిగింది. పెళ్ళలు కిందికి పోయి ఎక్కడో లోతులో పడ్డ చప్పుడు వినబడింది. దాది యాడిని బండల దిక్కు గుంజి పట్టుకుంది. సాయిబు బ్రేకు మీద నిలబడినట్టు తొక్కాడు. ఇంజను ఆగింది. నేను దుంకి ముందు చక్రం కింద రాయి తోశాను. రాయి కొంచెం జారి నిలిచింది.

సాయిబు మెడ తిప్పి నాయిన దిక్కు చూశాడు.

"ఎవని కుడి నాయక్?" అన్నాడు సాయిబు, మెల్లగా.

"నా కుడి."

"నీ మొఖం అటు, నా మొఖం గిటు. నీ కుడి నాకు ఎడమ గాదా?"

నాయిన పుట్టినప్పటి నుంచి ఎద్దులను తోలిన మనిషి. బండి మీద కూర్చున్నవాని కుడి, ఎద్దుల కుడి ఎప్పుడూ ఒకటే. వేరవుతాయని ఆయనకు తోచలేదు.

"జర ముంగటికి దిగనియ్యవ్వా" అన్నాడు సాయిబు. "జానెడు దిగితె చక్రం అంచు మీదికెల్లి బయట పడ్తది."

"దిగితె నా కోడలు ఎనుకకు పోయినట్టు."

"జానెడే అవ్వా."

"ఎంటికె మందం గూడ వద్దు."

అప్పుడు నాయిన నెత్తి మీది పాగా తీశాడు. మా నాయిన పదిమందిలో పాగా తీయగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ ఎర్రటి పొడుగు గుడ్డను పళ్ళతో కొరికి నిలువునా రెండుగా చింపాడు. ఒక ముక్క సాయిబు ఒక చేతి దండకు, మోచేతికి పైన, ఇంకో ముక్క ఇంకో చేతి దండకు కట్టాడు. కొసలు రెండూ తన చేతుల్లో పట్టుకున్నాడు.

"ఇగ నేను నోటితోని చెప్ప. ఏ చెయ్యి గుంజితె ఆ దిక్కు తిప్పు."

సాయిబు కట్టిన దండలు చూసుకున్నాడు. "పగ్గాలు ఏసినవు. ఇగ మూతికి చిక్కం ఒక్కటే తక్కువ."

"అరిస్తె అది గూడ కడ్త" అంది దాది.

ఇంజను మళ్ళీ లేవాలంటే ముందర హ్యాండిల్ తిప్పాలి. సాయిబు పెడల్ మీంచి కాలు తీస్తే కారు జారుతుంది. అందుకని నాయిన దిగాడు. దాది కూడా దిగి, ఇంకో రాయి తెచ్చి రెండో చక్రం కింద పెట్టి దాన్ని రెండు చేతులతో అదిమి కూర్చుంది. "బొటనవేలు చుట్టకు నాయక్, తిరిగి తంతె చెయ్యి ఇరుగుతది" అని సాయిబు అరుస్తున్నాడు. నాయిన తిప్పుతున్నాడు. ఇంజను దగ్గుతోంది, ఆగుతోంది.

నేను ముందు సీటు మీదికి ఎక్కాను. యాడి తల తిప్పకుండానే నన్ను పిలిచింది. కారు మీద నుంచి పాకి ఆమె పక్కకు దిగాను. ఆమె ఒక చెయ్యి మూత మీంచి తీసి, నా చెయ్యి పట్టుకుని కడుపు మీద పెట్టుకుంది. కడుపు బండలాగా బిగిసి ఉంది. కొంచెంసేపు ఏమీ లేదు. తరువాత నా అరచేతికి తగిలింది. లోపల్నుంచి ఒక తన్ను. ఆగి, ఇంకొకటి.

"నీ తమ్ముడు" అంది. "కొట్లాడుతుండు."

ఇంజను లేచింది. దాది వచ్చి నన్ను ముందుకు నెట్టింది. నాయిన గూడు మీదికి ఎక్కి గుడ్డ కొసలు పట్టుకున్నాడు. బండల దిక్కు ఉన్న చేతిని మెల్లగా గుంజాడు. సాయిబు తిప్పాడు. చక్రం అంచు మీద తిరిగి మట్టి చిమ్మింది. కారు అక్కడే వణికింది. నాయిన గుంజుతూనే ఉన్నాడు, ఎద్దులను అదిలించినట్టు నాలుకతో చప్పుడు చేస్తూ. ఆ చప్పుడు ఆయనకు తెలియకుండానే వస్తోంది. చక్రానికి ఏదో రాయి దొరికింది. కారు ఒక్క ఊపున దారి మీద పడింది. కిందికి దిగకుండానే.

మలుపు దాటాక యాడి వేళ్ళు సడలడం చూశాను. మొదట చిటికెన వేలు, తరువాత దాని పక్కది. నేను అరవబోయాను. అంతకంటే ముందే దాది చూసి, తన రెండు చేతులు యాడి చేతుల మీద పెట్టి మూత అంచుకు అదిమి పట్టింది. మా మాటలో చెవి దగ్గర చెప్తూనే ఉంది, "ముంగట చూడు బిడ్డా, ముంగట చూడు, కురవి గుడి కనబడ్తది, చూడు." గుడి అక్కడ నుంచి కనబడదు. యాడి చూస్తూనే ఉంది.

పైన చదును మీద సాయిబు కారు తిప్పాడు. మేమందరం మళ్ళీ మొఖాలు తిప్పుకుని కూర్చున్నాం, దాది చెప్పినట్టు, ఒకరి తరువాత ఒకరం.

"ఇప్పుడు అందరం ఒక్క దిక్కు జూస్తున్నం" అన్నాడు సాయిబు. ఎవరూ నవ్వలేదు. ఆయన మీసం లాంటి పుల్లను కిందికంటా గుంజాడు. కారు అంత జోరుగా పోవడం నేను అంతకు ముందు చూడలేదు. విమానం రేకు గలగలా కొట్టుకుంది.

మానుకోట దవాఖానలో యాడిని లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. మేము మెట్ల మీద కూర్చున్నాం. సాయిబు చొక్కా చేతులు మడిచి చూసుకుంటే రెండు దండల మీద ఎర్రగా వాతలు తేలాయి. "ఎద్దు బతుకు ఎట్లుంటదో ఇయ్యాల తెలిసింది" అన్నాడు. నాయిన ఆ దండలు పట్టుకుని చూశాడు. నవ్వబోయి ఏడ్చాడు. సాయిబు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. దాది కూర్చోలేదు. తలుపు దిక్కు మొఖం పెట్టి నిలబడే ఉంది.

నర్సమ్మ బయటికి వచ్చింది. "తల్లి బతికింది" అంది. తరువాత, "మగపిల్లగాడు. దక్కలేదు. బయటికి తీసేసరికే పానం లేదు" అంది.

దాది అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"మేం బయల్దేరక ముందు పోయిందా బిడ్డా, బయల్దేరినంక పోయిందా?"

"గది ఎట్ల చెప్తం అవ్వా."

"జర చూసి చెప్పు."

"చెప్పరాదవ్వా. ఇంకా ఆలిశమైతె తల్లి గూడ దక్కకపోవు. మంచిగ తెచ్చిర్రు."

ఆ రెండో మాట దాది వినలేదు. ఆ రోజు నుంచి ఆమె అన్నం ముట్టలేదు. నాయిన రొట్టె తెచ్చి ముందర పెడితే పక్కకు జరిపేది. నీళ్ళు తాగేది. సాయిబు వాళ్ళ ఇంటి నుంచి చాయ్ తెచ్చి ఇస్తే చేతిలో పట్టుకునే ఉండేది, చల్లారిపోయేది. ఒకటే ప్రశ్న. సాయిబును అడిగింది, "నువ్వు ఎనుకకు తోలుతుంటె నీకేమన్న తెలిసిందా" అని. నాయినను అడిగింది. ఊడ్చే ఆమెను కూడా అడిగింది. బిడ్డ తండాలో పోయి ఉంటే అది మంత్రసాని చేతుల్లో జరిగింది, దేవుడు చేసింది. ఎక్కుడు మీద పోయి ఉంటే తను ఒప్పుకుని ఎక్కించినందుకు జరిగింది. ఆమె లెక్క అది. తన బిడ్డ కడియం నడుము దగ్గర తడుముకుంటూ ఉండేది.

నాకు జవాబు తెలుసు. నా అరచేతిలో ఉంది. నన్ను ఎవరూ అడగలేదు, పిల్లను కదా. కానీ అడుగుతుందని నాకు భయంగా ఉండేది. దాది కండ్లు నా మీదికి వచ్చినప్పుడల్లా చెయ్యి ఒళ్ళో దాచుకునేదాన్ని.

యాడి లేచి కూర్చోగలిగిన రోజున దాది మంచం పక్కన చేరింది. నేను కాళ్ళ దగ్గర ఉన్నాను.

"ఒక్క మాట చెప్పు బిడ్డా. ఎప్పుడు ఆగిండు వాడు?"

యాడి అత్త మొఖం చూసింది, పీక్కుపోయిన బుగ్గలు చూసింది.

"తండాలనే" అంది. "మంత్రసాని బయటికి రాకముందే ఆగిండు. నాకెరుకే. చెప్తె నన్ను దవాఖానకు కొంచవోరని చెప్పలే. నా పానం కోసమే ఎక్కిన అత్తా."

చెప్తూ నా దిక్కు చూసింది. కోపంగా కాదు, బతిమాలినట్టు కాదు. నేను అక్కడున్నానని తనకు తెలుసు అని చెప్పినట్టు చూసింది. అంతే. నేను నా అరచెయ్యి మంచం పట్టెకు ఆనించి గట్టిగా అదిమాను.

దాది నడుము దగ్గరి కడియం మీంచి చెయ్యి తీసింది. తరువాత, "మొదలే చెప్తె ఏమాయె. నీ కోసం గూడ కొంచవోతుంటిమి గద" అంది. కోడలి కాళ్ళ మీద దుప్పటి సరిచేసింది. నాయిన పెట్టిన జొన్నరొట్టె తుంచి, నీళ్ళలో ముంచుకుని తినడం మొదలుపెట్టింది. పళ్ళు లేని నోరు, మెల్లగా నములుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను.

ఎక్కుడు వల్ల తమ్ముడు పోయాడని నేను అనుకోను. కారు వెనక్కి పోయినందుకు ఎవరూ చావరు. అడ్డం తిరిగిన బిడ్డ అంతసేపు ఉంటే పోతాడు, అంతే. ఆ కారు లేకపోతే నాకు యాడి కూడా లేదు. కానీ ఈ మాట దాదికి చెప్తే ఆమె నమ్మి ఊరటపడే మనిషి కాదని యాడికి తెలుసు. అందుకే పెద్ద తప్పు తన మీద వేసుకుంది, చచ్చిన బిడ్డను కడుపులో పెట్టుకుని తన పానం చూసుకున్న మనిషిగా అత్త ముందర బతికింది. దాది కోపం వచ్చినప్పుడు ఆ మాట ఎత్తేది కూడా. యాడి నోరు విప్పేది కాదు, పొయ్యి ఊదుకుంటూ కూర్చునేది.

ఇప్పుడు దాది లేదు. సాయిబు లేడు, నాయిన లేడు. యాడి పోయి కూడా చాలా కాలమైంది. మా ఇద్దరి మధ్య ఆ మాట మళ్ళీ ఎప్పుడూ రాలేదు, చివరి రోజుల్లో నేను ఆమెకు నీళ్ళు పోస్తున్నప్పుడు కూడా రాలేదు. ఎవరికీ నొప్పి కలగదు కాబట్టి రాస్తున్నాను. మా తమ్ముడు తండాలో పోలేదు. ఎక్కుడు సగం దాకా వచ్చాడు. కొట్లాడుతూనే వచ్చాడు.